వినికిడి పరీక్షలో ఏమి చేస్తారు?

మీ అమ్మకు డాక్టరు వినికిడి పరీక్ష రాశారు, నొప్పి ఉంటుందా అని మీరు అడిగారు. అస్సలు ఉండదు. ముందు చెవిలోకి లైటు వేసి చూస్తారు. గులిమి అడ్డుగా ఉంటే తీయించాలి. తర్వాత బయటి చప్పుడు చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెడతారు. శబ్దం వినిపించినప్పుడల్లా మీట నొక్కాలి. చాలామంది స్పష్టంగా వినిపించేదాకా ఆగుతారు, అది పొరపాటు. లీలగా, ఉందా లేదా అనిపించినా నొక్కమని అమ్మకు ముందే చెప్పండి. ఆమె వినగలిగే అతి చిన్న శబ్దం ఏదో కనిపెట్టడమే ఈ పరీక్ష పని. మామూలుగా 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకు, అంటే బొంగురు శబ్దాల నుంచి కీచు శబ్దాల దాకా, ఒక్కో చెవికీ విడిగా చూస్తారు. చెవి వెనుక ఎముకపై చిన్న బిళ్ల ఆనించి మళ్లీ వినిపిస్తారు. లోపం లోపలి చెవిదా, అంతకు ముందున్న భాగాలదా అన్నది దాంతో తేలుతుంది. ఫలితాన్ని గ్రాఫుగా చూపే ఆడియోగ్రామ్ కాగితం మీద ఎర్ర సున్నాలు కుడి చెవివి, నీలం ఇంటూ గుర్తులు ఎడమ చెవివి. మీరూ తోడు వెళ్లండి, ఇంట్లో ఆమెకు ఏ మాటలు అందడం లేదో మీకే తెలుసు.