బెంగళూరులో ఇంటి నెట్ మొరాయిస్తే ప్లాన్ పెంచకండి, ముందు లైను చూడండి

మారతహళ్ళిలోనో, కేఆర్ పురంలోనో ఫ్లాట్ తీసుకుని 100 ఎంబీపీఎస్ కనెక్షన్ పెట్టించుకున్న మనవాళ్ళు నెల తిరక్కుండానే అడిగే మాట ఒకటుంది: "ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ 30 దాటట్లేదు, 200 ప్లాన్‌కి మారమంటారా?" ఇప్పుడే మారకండి. ఫోన్‌లో కనిపించే అంకెలో వైఫై లోటు కూడా కలిసి ఉంటుంది. లైను ఎంత ఇస్తోందో దాన్నిబట్టి తేల్చలేం. వైఫై బలహీనంగా ఉంటే 200 పెట్టించినా ఆ గదిలో 30 అలాగే ఉంటుంది, బిల్లు మాత్రం పెరుగుతుంది.

ముందు ఒక ల్యాన్ వైరు తెచ్చి ల్యాప్‌టాప్‌ని నేరుగా రౌటర్‌కి కలపండి. ల్యాప్‌టాప్‌కి పోర్టు లేకపోతే యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ కొనండి, దాని మీద గిగాబిట్ అని ఉండాలి. వైఫై ఆపండి, ఆఫీసు వీపీఎన్ ఆపండి, టీవీలో నడుస్తున్న సినిమా కూడా ఆపండి. పొద్దున ఒకసారి, రాత్రి 9 గంటలకి ఒకసారి టెస్ట్ చేయండి. రెండుసార్లూ 90కి పైన వస్తే లైను నిక్షేపంగా ఉంది, లోపం ఇంటి లోపలి వైఫైలో ఉంది. పొద్దున 95 వచ్చి రాత్రి 20కి పడిపోతే మీ వీధిలో అందరూ ఒకే లైను మీద పడుతున్నారని అర్థం. అది కంపెనీవాళ్ళే సరిచేయాలి. ఇంకో సంగతి: ఫైలు దిగేటప్పుడు కనిపించేది మెగాబైట్లు, ప్లాన్ లెక్క మెగాబిట్లు, 8 బిట్లు ఒక బైటు. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 12 మెగాబైట్లకి కాస్త అటూఇటూ, అంతే.

200, 300 ప్లాన్ ఉండి కూడా వైరు మీద ఎప్పుడు చూసినా 94 దగ్గరే ఆగిపోతే, కారణం దాదాపు ఎప్పుడూ వైరో పోర్టో అయి ఉంటుంది. గిగాబిట్ నడవాలంటే ల్యాన్ వైరులోని 8 తీగలూ తగలాలి. క్రింపింగ్‌లో, అంటే వైరు కొసకి ప్లగ్ బిగించేటప్పుడు, ఒక్క తీగ సరిగా కూర్చోకపోయినా లింకు 100కి దిగిపోవచ్చు. విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ పేజీ తెరిస్తే లింక్ స్పీడ్ కనిపిస్తుంది. అక్కడ 1000 బదులు 100 ఉంటే క్యాట్ 5ఈ గానీ క్యాట్ 6 గానీ రకం కొత్త వైరు వేసి చూడండి. అయినా మారకపోతే రౌటర్ పోర్టులే 100వి కావచ్చు. చవక రౌటర్లలో ఇది మామూలే.

ఇక వైఫై. చాలా రౌటర్లు దీన్ని 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్ల (రేడియో తరంగాల శ్రేణుల) మీద ఇస్తాయి. పీజీలు, గోడకి గోడ ఆనుకున్న బిల్డింగులు ఉన్న బీటీఎం లాంటి చోట ఫోన్‌లో వెతికితే పదుల కొద్దీ వైఫై పేర్లు కనిపిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్ళు 1, 6, 11 మూడే. అందరూ ఆ మూడింటి మీదే పోటీపడితే వేగం ఎక్కడిది? అందుకే ఫోను, ల్యాప్‌టాప్, టీవీలను 5 గిగాహెర్ట్జ్‌కి మార్చి, 2.4ని స్మార్ట్ బల్బులకీ ప్లగ్గులకీ వదిలేయండి. రౌటర్ సెట్టింగ్స్‌లో 2.4 ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి పెట్టండి. రెండు బ్యాండ్లకీ వేరు వేరు పేర్లు పెడితే దేనికి దేన్ని కలిపారో తెలుస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌కి కాంక్రీటు గోడ పడదు, రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. అందుకే రౌటర్ స్థలం ముఖ్యం. టెక్నీషియన్ కేబుల్ ఎక్కడ అయిపోతే అక్కడే, తలుపు పక్కనో చెప్పుల స్టాండు మీదో బిగించి వెళ్తాడు. బిగించక ముందే హాలు మధ్యకి, మనిషి భుజమెత్తున పెట్టమని పట్టుబట్టండి. ఫ్రిజ్ వెనక, అద్దాల బీరువా పక్కన వద్దు.

లోపలి బెడ్‌రూమ్‌కి అందకపోతే రిపీటర్ కొనకండి. ఒకే రేడియో ఉన్న రిపీటర్ విన్న ప్రతి మాటనీ మళ్ళీ అదే ఛానల్లో చెప్పాలి కాబట్టి వేగం సగానికి పడిపోతుంది. ల్యాన్ వైరు లాగి ఆ గదిలో పాత రౌటర్‌నే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వైరులో వచ్చిన నెట్‌ని వైఫైగా ఇచ్చే మోడ్) పెట్టండి. ఆ మోడ్ లేకపోతే దాని డీహెచ్‌సీపీ (ఫోన్లకీ ల్యాప్‌టాప్‌లకీ అడ్రసులు పంచే పని) ఆపేసి, ఐపీ అడ్రస్ మొదటి రౌటర్‌ది కాకుండా వేరేది ఇచ్చి, వైరుని ల్యాన్ పోర్టులో పెట్టండి, బయటి లైను పెట్టే వ్యాన్ పోర్టులో కాదు.

స్పీడ్ బాగానే ఉన్నా ఆఫీసు కాల్‌లో గొంతు తెగుతోందంటే అది వేరే జబ్బు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ రెండు విండోలు తెరవండి. ఒకదాంట్లో పింగ్ (ping) అని కొట్టి, స్పేస్ ఇచ్చి రౌటర్ అడ్రస్ (చాలావాటికి 192.168.1.1), స్పేస్, హైఫన్, టీ. రెండోదాంట్లో రౌటర్ అడ్రస్ బదులు 8.8.8.8, అది బయట ఉన్న గూగుల్ సర్వర్ అడ్రస్. పది నిమిషాలు వదిలేయండి. రౌటర్ విండోలోనే అంకెలు 100, 200 మిల్లీసెకన్లకి ఎగిరితే వైఫైది తప్పు. అది 1 నుంచి 5 మధ్య నిలకడగా ఉండి, రెండోదాంట్లో మాత్రం టైమౌట్లు (జవాబు రాలేదన్న లైన్లు) పడుతుంటే తప్పు బయటిది. ఆ స్క్రీన్ ఫోటో తీసి పెట్టుకోండి, కంప్లయింట్‌కి అదే ఆధారం. అలా కాక ఫోటోల బ్యాకప్ నడిచినప్పుడే కాల్ తెగుతుంటే అప్‌లోడ్ నిండిపోతోందన్నమాట. బ్యాకప్‌ని రాత్రికి మార్చండి.

ఫైబర్ బాక్స్ మీద లాస్ (LOS, సిగ్నల్ పోయిందని గుర్తు) అన్న చోట ఎర్రలైటు వెలిగినా, మిణుకుమన్నా ఇంట్లో ఏ సెట్టింగు మార్చినా లాభం లేదు, వెలుతురే మీ దాకా రావట్లేదు. బెంగళూరులో తీగలు చెట్ల మీదుగా వెళ్తాయి. వానకి కొమ్మ విరిగినా, రోడ్డు తవ్వినా తెగుతాయి. ముందు సోఫా వెనక సన్న ఫైబర్ తీగ మడత పడిందేమో చూసుకోండి. రౌటర్ పేజీలో ఆర్‌ఎక్స్ పవర్ (మీ దాకా చేరే వెలుతురు బలం) కనిపిస్తే మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉండాలి. మైనస్ 27 దాకా వెళ్తే లైను వస్తూ పోతూ ఉంటుంది. లైన్‌మ్యాన్ వచ్చినప్పుడు ఆకుపచ్చ కనెక్టర్‌కి నీలం కనెక్టర్ కలపకుండా చూడండి. ఆకుపచ్చదాని కొస ఏటవాలుగా ఉంటుంది, నీలంది ఉండదు, కలిపితే వెలుతురు నష్టపోతుంది. ఫోన్‌లో కన్నడలో "నెట్ బర్తా ఇల్ల, కెంపు లైట్ బర్తా ఇదె" (నెట్ రావట్లేదు, ఎర్రలైటు వస్తోంది) అంటే చాలు, అర్థమైపోతుంది. డాకెట్ నంబర్ (కంప్లయింట్ నంబర్) తీసుకోకుండా ఫోన్ పెట్టకండి. కంపెనీ తేల్చకపోతే అదే నంబర్‌తో ఆ కంపెనీ అప్పిలేట్ అథారిటీకి (అప్పీళ్ళు వినే అధికారికి) వెళ్ళవచ్చు.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ ఉన్నా రౌటర్ రీస్టార్ట్ అవుతుంటే, ఇన్వర్టర్ వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి. మామూలు మోడ్‌లో మారడానికి పట్టే ఆ చిన్న క్షణం చాలు రౌటర్ ఆగడానికి. లేదా చిన్న రౌటర్ యూపీఎస్ కొనండి, అడాప్టర్ మీద ఉన్న వోల్టులే దానికీ ఉండాలి, ఆంపియర్లు అంతకి తగ్గకూడదు. రౌటర్ వెలుగుతూనే ఉన్నా నెట్ పోతుంటే, మీ బిల్డింగ్ దాకానే ఫైబర్ వచ్చి, అక్కడి నెట్‌వర్క్ స్విచ్ (లైనుని ఫ్లాట్లకి పంచే పెట్టె) నుంచి ల్యాన్ వైరు లాగి ఉంటారు. ఆ స్విచ్‌కి బ్యాకప్ లేదు. ఇల్లు చూసేటప్పుడే ఈ సంగతి ఓనర్‌ని గానీ పక్క ఫ్లాట్‌వాళ్ళని గానీ అడగండి, ఏ కంపెనీల తీగలు ఇప్పటికే లోపలికి వచ్చాయో కూడా. కొన్ని అపార్ట్‌మెంట్లలో అసోసియేషన్ ఒకటి రెండు కంపెనీలనే రానిస్తుంది. ఏడాది డబ్బు ఒకేసారి కడితే తగ్గిస్తామంటారు. మొదటి నెల మాత్రం నెలవారీగానే కట్టి, రాత్రి 9 గంటల టెస్టులు చూసుకున్నాకే మిగతాది.