డైనోసార్ల పిచ్చి ఉన్న అబ్బాయికి ఏ గ్రూప్?

ప్రశ్న: మా బాబు ఎనిమిదో తరగతి. చిన్నప్పటి నుంచి డైనోసార్లంటే పిచ్చి, పేలియంటాలజిస్ట్‌నే (శిలాజాల శాస్త్రవేత్త) అవుతానంటాడు. మావారేమో ఆ చదువుకి ఉద్యోగాలుండవు, ఇప్పుడే ఐఐటీ ఫౌండేషన్‌లో వేసేద్దాం అంటున్నారు. ఇంటర్‌లో ఎంపీసీయా, బైపీసీయా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, ముందు మీవారి భయం సంగతి చూద్దాం, ఎందుకంటే అందులో సగం నిజముంది. మన దేశంలో పేలియంటాలజిస్ట్ అనే పేరుతో ఉండే ఉద్యోగాలు బాగా తక్కువ. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, కొన్ని యూనివర్సిటీలు, దాదాపు అంతే. కానీ ఇక్కడ ఆ దారిలో వెళ్లేవాళ్లలో ఎక్కువమంది చదివేది జియాలజీ (భూగర్భ శాస్త్రం), దానికి మాత్రం పని ఉంది. ఎమ్మెస్సీ అయ్యాక యూపీఎస్సీ వాళ్ల కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష గట్టెక్కితే జియలాజికల్ సర్వేలో గ్రూప్-ఎ జియాలజిస్ట్ పోస్టు, ఏడో పే కమిషన్ ప్రకారం మూలవేతనమే 56,100తో మొదలు. ఓఎన్‌జీసీ వైపు వెళ్లేవాళ్లూ ఉన్నారు. చమురు వెతికేచోట కూడా శిలాజాల పనుంది, కాకపోతే డైనోసార్లు కాదు, ఫొరామినిఫెరా అని మైక్రోస్కోపు కింద పెట్టి చూడాల్సిన బుల్లి గవ్వలు. బావి తవ్వుతుంటే పైకొచ్చే రాతి ముక్కల్లో ఏ రకం గవ్వ ఉందో చూసి ఆ పొర ఏ కాలానిదో తేలుస్తారు. ఈ సంగతి మీవాడికి చెప్పి మొహం ఎలా పెడతాడో చూడండి, సగం సమాధానం అక్కడే దొరుకుతుంది.

గ్రూప్ విషయంలో నా ఓటు ఎంపీసీకే. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో అప్లైడ్ జియాలజీ ఉంది, అక్కడికి వెళ్లాలంటే జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి, అంటే మ్యాథ్స్ తప్పదు. ఐసర్‌లకైతే (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థలు) బైపీసీ వాళ్లూ రాయొచ్చు గానీ, ఆ ఆప్టిట్యూడ్ టెస్ట్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ నాలుగూ సమానంగా, ఒక్కోదానికి 15 ప్రశ్నలు, కాబట్టి ఏ గ్రూప్ తీసుకున్నా వదిలేసిన సబ్జెక్టు అక్కడ అడ్డం తగులుతుంది. ఇంట్లో కూర్చుని బయాలజీ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు చదువుకోవచ్చు, మ్యాథ్స్ అలా కుదరడం కష్టం. అందుకే ఎంపీసీ అంటున్నాను. ఇవేవీ రాకపోయినా ఫర్వాలేదు, బీఎస్సీలో జియాలజీ తీసుకుని ఐఐటీ జామ్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే ఎమ్మెస్సీకి ఐఐటీ దారి మళ్లీ తెరుచుకుంటుంది. అయితే జియాలజీ కాంబినేషన్ అన్ని డిగ్రీ కాలేజీల్లోనూ ఉండదు, చేరేముందే కనుక్కోండి.

ఫౌండేషన్ అంటారా, మ్యాథ్స్ గట్టిపడుతుందనుకుంటే వేయండి, ఆదివారాలు కూడా మింగేసే బ్యాచ్ మాత్రం వద్దు. ఆ ఆదివారాలతో వాడికి వేరే పనుంది. ఒకసారి హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంకి తీసుకెళ్లండి. అక్కడ నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం మీకు గోదావరి అవతలిదే, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది, 1988లో పేరు పెట్టారు. దొరికినవి ఒక్క జంతువు ఎముకలు కావు, కనీసం పన్నెండింటివి కలగలిసిపోయి ఉన్నాయి, తల అయితే రెండు పళ్లు తప్ప దొరకనే లేదు. మరి ఆ తల ఎలా చేశారు, ఏ ఎముక దేనిదో ఎలా విడదీశారు? మీరేమీ చెప్పకుండా వాడినే అడగండి. ఇంటికొచ్చాక కూడా దాని గురించే తవ్వుతూ ఉంటే మీవాడిది నిజమైన ఆసక్తే. బొమ్మ బాగుంది, ఐస్‌క్రీమ్ కొనిపెట్టు అన్నాడనుకోండి, అదీ మంచిదే, ఎనిమిదో తరగతిలోనే తెలిసింది కదా!

పదో తరగతిలోకి వచ్చాక మళ్లీ రాయండి, మ్యాథ్స్ మార్కులు కూడా రాయండి. ఈలోగా మనసు మారి సముద్రాలనో అగ్నిపర్వతాలనో అన్నా టెన్షన్ పడొద్దు, అప్పుడూ ఇంటర్ గ్రూప్ ఇదే.