పాత ఆట దెబ్బ మచ్చ ఇన్నేళ్లకు దురద పెడుతోంది.. భయపడాలా?

ప్రశ్న: నా వయసు 33. పదహారేళ్ల క్రితం ఫుట్‌బాల్ ఆడుతూ కంకర నేల మీద పడ్డాను. కుడి మోకాలి మీద చీరుకుపోయి ఏడు కుట్లు పడ్డాయి. గాయం మానింది గానీ అంగుళంన్నర పొడవున నిలువు మచ్చ మిగిలిపోయింది. స్నేహితులు కలిస్తే చాలు ‘మోకాలికి జిప్పు పెట్టించుకున్నావేంట్రా’ అని ఆటపట్టిస్తారు, నేనూ నవ్వేస్తుంటాను. అయితే మూడు నెలలుగా అక్కడ దురదగా ఉంటోంది. మచ్చ కింది చివర ఆవగింజంత గట్టిగా చేతికి తగులుతోంది, నొక్కితే చురుక్కుమంటోంది. మచ్చ పక్కన కొంత మేర మొదటి నుంచీ మొద్దుబారినట్టే ఉంటుంది. ఇది క్యాన్సర్‌గా మారుతుందా? మచ్చను పూర్తిగా తీయించుకోవచ్చా?

జవాబు: మీరు రాసిన లక్షణాల్లో క్యాన్సర్‌ను అనుమానించాల్సినవి కనిపించడం లేదు. అలాగని వదిలేయకండి. పదహారేళ్లు కదలకుండా ఉన్న మచ్చ మూడు నెలల్లో తీరు మార్చుకుందంటే ఒకసారి చూపించుకోవాల్సిందే. మచ్చ ఎలా ఉందన్నదానికంటే, ఎలా మారుతోందన్నదే ముఖ్యం.

ముందు దురద సంగతి. గాయం పైకి మూతపడటానికి రెండు మూడు వారాలు చాలు. లోపల మరమ్మతు మాత్రం ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర దాకా సాగుతుంది. ఎంత బాగా మానినా ఆ చోటి బలం మామూలు చర్మంలో సుమారు 80 శాతానికి మించదు. పైగా మచ్చలో చెమట గ్రంథులు, నూనె గ్రంథులు, వెంట్రుకల కుదుళ్లు మళ్లీ పుట్టవు. అందుకే అది నున్నగా మెరుస్తూ ఉంటుంది, తొందరగా పొడిబారుతుంది. మోకాలు వంచినప్పుడల్లా ఆ పొడి చర్మం సాగాలి, పైన బట్ట రాసుకోవాలి. పాత మచ్చల్లో దురదకు చాలాసార్లు ఇదే కారణం. స్నానం కాగానే, ఒంటి మీద తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్ గానీ, పెట్రోలియం జెల్లీ గానీ రాయండి. రాత్రి పడుకునే ముందు మరోసారి. మూడు వారాలు ఇలా చేస్తే పొడిదనం వల్ల వచ్చిన దురద తగ్గిపోతుంది. తగ్గకపోతే కారణం వేరే ఉందన్నమాట.

ఆ ఆవగింజంత గట్టిదనమే ఇక్కడ అసలు విషయం. కంకర మీద పడ్డానన్నారు. గాయాన్ని కడిగి కుట్లు వేసినప్పుడు ఇసుక రేణువో, చిన్న రాయి ముక్కో లోపల ఉండిపోవడం అరుదేమీ కాదు. శరీరం దాన్ని కరిగించలేక చుట్టూ కణాలతో గోడ కట్టేస్తుంది. దీన్నే గ్రాన్యులోమా అంటారు. ఏళ్ల తరబడి నిద్రపోయి, ఏదో ఒక రోజు వాచి బయటపడుతుంది. పగటి వెలుతురులో మచ్చను వేళ్లతో కాస్త సాగదీసి చూడండి. చర్మం కింద నీలం, నలుపు కలిసిన చుక్క కనిపిస్తే మట్టో, రాయో ఉండిపోయిందని అనుకోవచ్చు. ఎక్స్‌రేలో రాయి, గాజు సాధారణంగా కనిపిస్తాయి. చెక్క పేడు కనిపించదు, దానికి అల్ట్రాసౌండ్ కావాలి. లోపలి పొరలో వేసిన కరగని కుట్టు దారం ముక్క కూడా ఇలాగే గింజలా తగులుతుంది. రెండింటికీ చికిత్స ఒకటే: ఆ భాగం మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇచ్చి చిన్న కోతతో తీసేస్తారు. ‘పిండేస్తే పోతుంది’ అని ఎవరు చెప్పినా ఇంట్లో పిండొద్దు, సూదితో కెలకొద్దు. కింద ఉన్నది మోకాలి కీలు. ఇన్‌ఫెక్షన్ లోపలికి దిగితే చిన్న సమస్య పెద్దదవుతుంది.

మరో అవకాశం నరం. మోకాలి ముందు భాగానికి స్పర్శనిచ్చే సన్నని నరపు కొమ్మ ఒకటి లోపలి వైపు నుంచి అడ్డంగా వస్తుంది. నిలువు గాయంలో అది సులువుగా తెగుతుంది. మీకు మచ్చ పక్కన స్పర్శ లేకపోవడానికి కారణం ఇదే అయి ఉండొచ్చు. ఇన్నేళ్ల తర్వాత అది తిరిగి వస్తుందని ఆశించలేం గానీ, నడకకూ ఆటకూ దానివల్ల ఇబ్బంది లేదు. తెగిన నరపు కొస ముడిలా పెరిగితే న్యూరోమా అంటారు. పెన్ను మూతతో ఆ గింజ మీద మెల్లగా తట్టి చూడండి. కరెంటు షాక్ కొట్టినట్టు నొప్పి కిందికో పక్కకో పాకితే న్యూరోమాను అనుమానించాలి. నొప్పి ఆ చుక్క దగ్గరే ఆగిపోతే రాయి, దారం వైపు అనుమానం ఎక్కువ.

మచ్చ ఉబ్బి, పాత గాయం హద్దు దాటి పక్క చర్మంలోకి పాకుతుంటే అది కీలాయిడ్. హద్దు లోపలే ఉబ్బితే హైపర్‌ట్రోఫిక్ మచ్చ. కానీ అది సాధారణంగా గాయమైన మొదటి నెలల్లోనే వస్తుంది, పదహారేళ్లకు కాదు. కీలాయిడ్‌కు ట్రయామ్సినొలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి మచ్చలోకే ఇస్తారు. కోసి తీసేయడం ఒక్కటే చేస్తే చాలాసార్లు ముందుకంటే పెద్దదిగా తిరిగొస్తుంది. ఇంకొకటి: ఒంటి మీది పాత మచ్చలు ఒకేసారి ఎర్రబడి లేదా ఊదారంగుకు తిరిగి ఉబ్బుతుంటే, తోడుగా పొడిదగ్గు, ఆయాసం ఉంటే సార్కాయిడోసిస్ అనే జబ్బు కోసం పరీక్షలు చేయాలి.

క్యాన్సర్ భయం గురించి. మచ్చలో పుట్టే క్యాన్సర్ ఉంది, దాన్ని మార్జొలిన్ పుండు అంటారు. కానీ అది ఎక్కువగా పెద్ద కాలిన మచ్చల్లో, పదే పదే పగిలి మానని చోట్ల, దశాబ్దాల తర్వాత వస్తుంది. కుట్లు పడి శుభ్రంగా మానిన చిన్న మచ్చలో బహు అరుదు. మచ్చ మీద పుండు పడి నాలుగు వారాలైనా మానకపోయినా, తాకితే రక్తం కారుతున్నా, అంచులు గట్టిగా పైకి లేస్తున్నా ఆలస్యం చేయకుండా బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేయించుకోవాలి.

ఇక తీయించుకోవడం. మచ్చను పూర్తిగా మాయం చేసే చికిత్స లేదు. ఉన్న మచ్చ స్థానంలో ఇంకాస్త మంచి మచ్చ తెచ్చుకోవడమే సాధ్యం. అందులోనూ మోకాలు కష్టమైన చోటు. అక్కడి చర్మం ముడతలు అడ్డంగా ఉంటాయి, మీ మచ్చ నిలువుగా ఉంది. మళ్లీ కోసి కుట్టినా, వంగిన ప్రతిసారీ లాగుడు పడి అది వెడల్పయ్యే అవకాశం ఎక్కువ. కుట్లు 10 నుంచి 14 రోజులు ఉంచాలి, కొన్ని వారాలు ఆటలు మానాలి. మచ్చ వల్ల మోకాలు వంగడం ఇబ్బందిగా లేకపోతే కేవలం రూపం కోసం ఆపరేషన్‌కు తొందరపడొద్దని నా సలహా. గుంటపడి ఉంటే లేజర్, మైక్రోనీడ్లింగ్ (సన్నని సూదులతో చర్మాన్ని గుచ్చే చికిత్స) కొంత మేలు చేస్తాయి. అయితే చామనఛాయ, నలుపు చర్మంలో ఆ చోటు ఇంకా నల్లబడొచ్చు. అలాంటి చర్మానికి చికిత్స చేసిన అనుభవం ఉన్నవారి దగ్గరే చేయించుకోండి. నిమ్మరసం రుద్దడం, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ క్రీములు నెలల తరబడి రాయడం వద్దు. మొదటిది చర్మాన్ని కాలుస్తుంది, రెండోది పలచబరుస్తుంది.

స్నేహితుల జోకులను మీరు మనస్ఫూర్తిగా ఆస్వాదిస్తుంటే మంచిదే. కానీ పైకి నవ్వుతూనే నిక్కరు వేసుకోవడం, ఈతకు వెళ్లడం మానేశారా? అలా ఉంటే ఆ మాట కూడా డాక్టరుకు చెప్పండి. మచ్చ వల్ల మనసు చిన్నబుచ్చుకోవడం చికిత్స అడగడానికి చాలినంత కారణమే. అందుకు సిగ్గుపడనక్కర్లేదు.

ఈ రోజే మచ్చ పక్కన స్కేలు పెట్టి పగటి వెలుతురులో ఫొటో తీయండి. రెండు వారాలకు అదే దూరం నుంచి మరొకటి తీయండి. ఆ రెండూ తీసుకుని ఈ నెలలోపు చర్మవ్యాధి నిపుణులను గానీ, ప్లాస్టిక్ సర్జన్‌ను గానీ కలవండి. కంకర మీద పడిన విషయం ముందే చెబితే ఎక్స్‌రేతోనే మొదలుపెడతారు. ఈలోగా ఆ చోటు ఎర్రబడి వేడెక్కినా, చీము కారినా, మోకాలు వాచి వంగకపోయినా రెండు వారాలు ఆగకండి, అదే రోజు వెళ్లండి.