యూకే ఎన్‌ఆర్‌ఐలకు ఇండియా డివిడెండ్‌పై 20.8% కోత ఎందుకు? 10% ఎలా చేయించుకోవాలి?

ఇండియా-యూకే పన్ను ఒప్పందంలో 10% అని ఉంటే కంపెనీ నా దగ్గర 20.8% ఎలా పట్టుకుందని మీరు అడిగారు. కంపెనీ తప్పేమీ లేదండి. ఒప్పందం రేటు దానంతట అది వర్తించదు, కాగితాలు పెట్టి అడగాలి. అడగకపోతే 20% పన్ను, దాని మీద 4% సెస్. 2020 మార్చి దాకా డివిడెండ్ పంపిణీ పన్ను కంపెనీయే కట్టేది కాబట్టి మనకు ఈ తలనొప్పి ఉండేది కాదు.

నేనుండేది మాంచెస్టర్‌లో. నాన్నగారు కొన్న షేర్లు నా పేరు మీదకు వచ్చిన ఏడాది, నేను యూకేలో పన్ను కట్టే నివాసినని చూపే రెసిడెన్సీ సర్టిఫికెట్ కంపెనీ గడువు దాటాక చేతికందింది. లక్షకు 20,800 కోసేశారు. యూకేలో క్రెడిట్ తీసుకుంటే, అంటే ఇండియాలో కోసింది అక్కడి పన్నులో తగ్గించుకుంటే సరిపోతుందిలే అనుకుంటారు చాలామంది. సరిపోదు. యూకే పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ, ఒప్పందంలో ఉన్న 10% వరకే, అంటే 10,000కే క్రెడిట్ ఇస్తుంది. మిగతా 10,800 ఇండియా నుంచే రాబట్టుకోవాలి. నేను ఇండియాలో రిటర్న్ వేసి, ఒప్పందం రేటు చూపించి రీఫండ్ తెచ్చుకున్నాను.

మరుసటి ఏడాది హెచ్‌ఎంఆర్‌సీకి ముందే అప్లై చేశాను. ఆ సర్టిఫికెట్, ఒప్పందం రేటు కోసం అప్పట్లో ఇండియా ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లో నింపిన ఫారం 10ఎఫ్, ఇండియాలో నాకు శాశ్వత వ్యాపార స్థావరం లేదని, ఈ డివిడెండ్‌కు అసలు హక్కుదారును నేనేనని ఒక డిక్లరేషన్. ఈ మూడూ కంపెనీ తరఫున షేర్‌హోల్డర్ల లెక్కలు చూసే రిజిస్ట్రార్ సైట్‌లో అప్‌లోడ్ చేశాక సరిగ్గా 10% పట్టుకున్నారు, సెస్ కూడా లేదు. సర్టిఫికెట్ మీది తేదీలు ఇండియా ఆర్థిక సంవత్సరానికి సరిపోవాలి, అది మాత్రం జాగ్రత్తగా చూసుకోండి. వార్షిక సమావేశానికి ముందు కంపెనీ పంపే టీడీఎస్ (చెల్లించే ముందే కోసే పన్ను) మెయిల్‌లో గడువు ఉంటుంది. తరచూ స్పామ్‌లో పడుతుంది, వెతకండి.

న్యూజెర్సీలో ఉన్న మా చెల్లి కథ వేరు. అమెరికా ఒప్పందంలో వ్యక్తులకు 25%. 15% రేటు, కనీసం 10% ఓటింగ్ షేర్లున్న కంపెనీలకే. చట్టం, ఒప్పందం రెండింట్లో మనకు లాభమైనది ఎంచుకోవచ్చు కాబట్టి తనకు 20.8 శాతమే నయం. ఒప్పందం కాగితాల పనే లేదు, అమెరికా రిటర్న్‌తో వేసే ఫారం 1116లో క్రెడిట్ అడుగుతుంది. యూఏఈలో ఉన్నవాళ్లకు 10%, సింగపూర్, ఆస్ట్రేలియాల్లో ఉన్న మామూలు షేర్‌హోల్డర్లకు 15%.

ఇక మీ విషయం. మీ పేరిట కట్టిన పన్నుల లెక్క చూపే ఫారం 26ఏఎస్‌లో ఆ టీడీఎస్ కనిపిస్తోందో లేదో చూసి గడువులోగా రిటర్న్ వేయండి. రీఫండ్ పడాల్సిన ఎన్‌ఆర్‌ఓ ఖాతాను (ఇండియా ఆదాయం కోసం ఎన్‌ఆర్‌ఐలు తెరిచే బ్యాంకు ఖాతా) పోర్టల్లో ముందే వ్యాలిడేట్ చేసి పెట్టుకోండి.