కంపెనీలు వాతావరణ విధానాలపై చేసే లాబీయింగ్ వివరాలు మనకు తెలుస్తాయా?

లాబీయింగ్ అంటే విధానాలు తమకు అనుకూలంగా ఉండేలా ప్రభుత్వాన్ని ప్రభావితం చేసే ప్రయత్నం; దాని వివరాలు కొంతవరకే తెలుస్తాయి. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో తలపెట్టిన థర్మల్ విద్యుత్ ప్రాజెక్టు వంటివాటికి 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం బహిరంగ విచారణ తప్పనిసరి కనుక అక్కడి బీల (చిత్తడి) భూముల రైతుకు అభ్యంతరం చెప్పే వేదికైనా ఉంది. ఉద్గారాల నిబంధనలు ఢిల్లీలో ఖరారయ్యే ముందు పరిశ్రమల సంఘాలు ఇచ్చే వినతిపత్రాలకు అలాంటి విచారణేదీ ఉండదు.

అమెరికాలో 1995 నుంచి లాబీయింగ్ వెల్లడి చట్టం ఉండగా, మన దేశంలో అటువంటి ప్రత్యేక చట్టం లేదు. ఉన్న ఆధారమల్లా, మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలకు 2022–23 నుంచి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తప్పనిసరి చేసిన, వ్యాపార బాధ్యత, సుస్థిరతలను వివరించే బీఆర్‌ఎస్‌ఆర్ నివేదిక. పైడిభీమవరంలో యూనిట్ ఉన్న పెద్ద మందుల కంపెనీ నివేదికనే తెరిచి ప్రభుత్వ విధానాలను ప్రభావితం చేయడానికి సంబంధించిన ఏడో సూత్రం చూడండి: సభ్యత్వమున్న ప్రధాన వాణిజ్య సంఘాల పేర్లు తప్పక ఇవ్వాలి, ఏ విధానం కోసం వాదించిందో చెప్పడం మాత్రం ఐచ్ఛికం. నా దృష్టిలో అసలు లొసుగు ఇక్కడే ఉంది, ఎందుకంటే నెట్ జీరో (నికర ఉద్గారాలను సున్నాకు తేవడం) లక్ష్యం ప్రకటించిన కంపెనీ తాను చందా కట్టే సంఘం ద్వారా అందుకు విరుద్ధమైన వాదన వినిపించినా నివేదికలో అది కనిపించకపోవచ్చు. కంపెనీ లక్ష్యాన్నీ సంఘం వాదననూ పోల్చి చూసే బాధ్యత కంపెనీ డైరెక్టర్ల బోర్డుదే. ఆ పోలికను ఏటా ప్రచురించమని వాటాదారులు అడగవచ్చు. వాటాలు లేనివారు మంత్రిత్వ శాఖకు అందిన వినతిపత్రాలను సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు గానీ, వాణిజ్య రహస్యమంటూ సెక్షన్ 8(1)(డి) చూపి నిరాకరించే అవకాశమూ ఉంది.