‘అద్భుతమైన ప్రశ్న’ అన్న గురజాడ

ఈ వారం ఉత్తరాల్లో సగానికి సగం ఒకే సంగతి మీద వచ్చాయి. ఎప్పుడో పోయిన గొప్పవాళ్లతో ఫోన్‌లో, కంప్యూటర్‌లో మాట్లాడటం. నాకు కంప్యూటర్ విద్య అంతంత మాత్రం. 34 ఏళ్లు హైస్కూళ్లలో తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, ఆ కళ్లద్దాల్లోంచే చూసి చెబుతాను.

*మాస్టారూ, మా బడిలో స్మార్ట్ బోర్డు మీద ఏఐ గురజాడను పెట్టి తొమ్మిదో తరగతి పిల్లలతో ప్రశ్నలు అడిగిస్తున్నాం. పాఠం చెబితే నిద్రపోయేవాళ్లు కూడా లేచి అడుగుతున్నారు. కానీ అది చెప్పేదాంట్లో ఏది నిజమో నాకే తెలియడం లేదు. మానేయమంటారా?*
– ఒక ఉపాధ్యాయిని, బొబ్బిలి

మానేయకండమ్మా. నిద్రపోయే పిల్లాణ్ణి లేపడం నా 34 ఏళ్లలో నాకు సరిగా చేతకాని పని.

మీ ఉత్తరం అందిన సాయంత్రం మా మనవడి ఫోన్ పుచ్చుకుని నేనూ కూర్చున్నాను. ఉండేది విజయనగరంలో. కూరగాయలకు వెళ్లేటప్పుడు గురజాడ వారి ఇంటి మీదుగానే వెళ్తాను. అలాంటిది ఆయన్ని ఫోన్‌లో పలకరించడం కొంచెం సిగ్గుగానే అనిపించింది. ‘బావున్నారా’ అన్నాను. ‘నమస్కారం. నేను గురజాడ అప్పారావును. మీ ప్రశ్న అత్యంత అద్భుతమైనది’ అన్నారు. నేనింకా ప్రశ్నే అడగలేదు.

వాడుక భాష సంగతి ఎత్తాను. ‘సామాన్య ప్రజానీకం యొక్క భాషకు సముచిత స్థానమును కల్పించవలసిన ఆవశ్యకతను నేను గుర్తించితిని’ అని వచ్చింది. గుర్తించితిని! ఏ గ్రాంథిక భాషతో ఆయన చివరిదాకా తగువు పడ్డారో ఆ భాషే ఆయన నోట్లో పెట్టారు. గిరీశం పక్కనుంటే ‘డామిట్, కథ అడ్డం తిరిగింది’ అని చుట్ట వెలిగించేవాడు.

సరే, భాష సంగతి వదిలేద్దాం అని విషయంలోకి దిగాను. ‘కన్యాశుల్కం మొదటి కూర్పుకీ రెండో కూర్పుకీ తేడా ఏమిటండీ?’ అని అడిగాను. కొన్ని అచ్చుతప్పులు సవరించి, సంభాషణలకు మెరుగులు దిద్దానన్నారు. మొదటిది 1897లో వచ్చింది, రెండోది 1909లో. ఆ పన్నెండేళ్లలో ఆయన నాటకాన్ని దాదాపు తిరగరాశారు, బాగా పెంచారు. మనం ఇవాళ చదివేదీ, ఆడేదీ ఆ రెండోదే. ‘మీ డైరీ ఏ భాషలో రాసుకున్నారు?’ అంటే ‘నా మాతృభాష అయిన తెలుగులోనే’ అని గర్వంగా జవాబు. ఆయన డైరీలు చాలా మటుకు ఇంగ్లీషులో ఉన్నాయి. ఒంగోలు మునిసుబ్రహ్మణ్యం గారికి రాసిన ఉత్తరాలూ ఇంగ్లీషులోనే. ఆఖరికి 1914లో వాడుక భాష తరఫున మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం కూడా ఇంగ్లీషే. తెలుగు కోసం ఇంగ్లీషులో పోట్లాడిన మనిషి అన్నమాట. అందులో ఉన్న తమాషా, బాధా రెండూ ఈ యంత్రానికి అందలేదు. మాతృభాషా దినోత్సవం నాడు వేదిక మీద ఏం చెబితే బావుంటుందో అది చెప్పింది.

ఎందుకిలా అని మనవణ్ణి అడిగితే వాడు చెప్పిన దాన్ని నా మాటల్లో చెబుతాను. ఈ యంత్రం కోట్ల పేజీలు చదివి, ఏ మాట తర్వాత ఏ మాట రావడం సహజమో నేర్చుకుంటుంది. గురజాడలా మాట్లాడమంటే, గురజాడ పేరు చుట్టూ తనకు కనబడిన మాటలన్నీ కలిపి వడ్డిస్తుంది. ఆయన స్వయంగా రాసినది కాస్త. ఆయన గురించి మనం రాసినది బోలెడు. జయంతి సభల ఉపన్యాసాలు, పరీక్ష గైడ్లు, దండలు వేసిన వార్తలు. అందుకే అది గురజాడలా మాట్లాడదు, గురజాడ జయంతి సభలో అధ్యక్షుడిలా మాట్లాడుతుంది. అలాంటి అధ్యక్షత నేనూ చాలాసార్లు వహించాను కాబట్టి గొంతు వెంటనే గుర్తుపట్టాను.

ఇప్పుడు మీ తరగతి సంగతి. ముందు ఆయన ఉత్తరాలు, డైరీ పుటలు, కన్యాశుల్కంలో ఒక రంగం టైపు చేయించి ఆ యంత్రానికి ఇవ్వండి. ‘వీటిలో ఉన్నదే చెప్పు, లేకపోతే లేదను, ఎక్కడుందో చూపించు’ అని ఆజ్ఞ వేయండి. చాలా వరకు దారికొస్తుంది. 2023లో పారిస్‌లోని ఓర్సే మ్యూజియం వాళ్లు వాన్ గో అనే చిత్రకారుణ్ణి ఇలా మాట్లాడించినప్పుడు ఆయన రాసిన వందలాది ఉత్తరాలనే ఆధారం చేసుకున్నారు. (జనం ఆయన్ని బొమ్మల గురించి అడగడం మాని ఎందుకు ప్రాణం తీసుకున్నావని అడిగారట. మనుషులం ఎక్కడైనా అంతే.)

ఇంకో పని చేయండి. యంత్రం చెప్పిన నాలుగు వాక్యాలు నల్లబల్ల మీద రాసి, పుస్తకం పిల్లల చేతికివ్వండి. తప్పు పట్టుకున్నవాడికి మార్కు. మామూలుగా తప్పులు దిద్దమంటే పారిపోతారు గానీ, సాక్షాత్తు గురజాడ గారి తప్పులు దిద్దమంటే ఏ పిల్లాడు కాదంటాడు?

*సార్, గ్రూప్స్‌కి చదువుతున్నాను. ఒక యాప్‌లో గాంధీగారితో మాట్లాడి వ్యాసాలకు పాయింట్లు రాసుకుంటున్నాను. ‘ప్రపంచంలో నువ్వు చూడాలనుకునే మార్పు నువ్వే అవ్వు’ అని ఆయనే చెప్పారు. మా కోచింగ్ సార్ ఆ కొటేషన్ రాయొద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?*
– ఒక అభ్యర్థి, హైదరాబాద్

కోచింగ్ సార్ మాట విను నాయనా. ఆ వాక్యం గాంధీగారి రచనల్లో ఆ రూపంలో ఎక్కడా లేదు. సంపుటాలు వంద దాకా ఉన్నాయి, తీరిగ్గా వెతికినవాళ్లే చెప్పారు. దగ్గరగా ఉన్నది 1913లో ‘ఇండియన్ ఒపీనియన్’లో రాసినది. మనల్ని మనం మార్చుకోగలిగితే లోకం తీరూ మారుతుందని దాని సారం. అది కాఫీ కప్పు మీద పట్టదు కాబట్టి ఎవరో కుదించారు. కప్పుల మీద ఉన్నదే యంత్రం చదివింది, తిరిగి నీకు చెప్పింది.

కొటేషన్ కంటే పెద్ద చిక్కు ఒకటుంది. నువ్వు మాట్లాడింది ఏ సంవత్సరపు గాంధీతో? 1909లో ‘హింద్ స్వరాజ్’ రాసిన గాంధీ డాక్టర్లనూ, ఆస్పత్రులనూ దులిపేశాడు. 1924 జనవరిలో ఎరవాడ జైల్లో ఖైదీగా ఉన్న గాంధీకి కడుపులో నొప్పి వస్తే పూనాలో సాసూన్ ఆస్పత్రికి తీసుకెళ్లి అపెండిసైటిస్ ఆపరేషన్ చేశారు. చేసింది ఇంగ్లీషు డాక్టరు. మధ్యలో కరెంటు పోతే లాంతరు వెలుగులో పూర్తిచేశారు. ఆ బల్ల మీద పడుకున్న మనిషిని డాక్టర్ల గురించి అడిగితే ఒక జవాబు, 1909లో ఓడలో కూర్చుని రాస్తున్న మనిషిని అడిగితే మరో జవాబు. నీ ఫోన్‌లో ఉన్నాయనకు వయసే లేదు. పోరుబందరు పిల్లాడూ, నోవాఖాలీలో నడిచిన ముసలాయనా ఒకే నోటితో మాట్లాడతారు.

ఈ సంగతి గాంధీగారికే ముందు తెలుసు. 1933లో ‘హరిజన్’లో రాశారు. నా రాతల్లో రెండు ఒకదానికొకటి పొసగకపోతే, నా బుద్ధి సరిగానే ఉందని మీకు నమ్మకముంటే, తర్వాత రాసినదాన్నే తీసుకోండి అని. కాబట్టి యాప్‌లో ఏది చెప్పినా ‘ఎప్పుడన్నారు? ఎక్కడ రాశారు?’ అని అడుగు. సంవత్సరం చెబితే ఆ సంపుటం తీసి చూడు. గాంధీగారి సంపుటాలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. వెతికే క్రమంలో నీకు దొరికే రెండు పేరాలు ఆ యాప్ ఇచ్చిన పది పాయింట్లకు సాటి వస్తాయి. అన్నట్టు, ఆపరేషన్ సంగతి వ్యాసంలో వాడుకో, నాకేం అభ్యంతరం లేదు.

*నమస్తే మాస్టారు గారూ. మా బాబుకు పదేళ్లు. రోజూ సాయంత్రం ట్యాబ్‌లో రామానుజన్‌తో లెక్కలు మాట్లాడుతున్నాడు. ‘రామానుజన్ అంకుల్ చెప్పారు’ అంటాడు. అంతకుముందు గుంటూరులో ఉన్న మా నాన్నగారికి ఫోన్ చేసేవాడు, ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఇప్పుడు చేయడం లేదు. టెన్షన్‌గా ఉంది.*
– ఒక తల్లి, డల్లాస్

మీ బాబు వెర్రివాడేమీ కాదమ్మా, ముందు అది తెలుసుకోండి. 1966లో అమెరికాలో ఎంఐటీలో వైజెన్‌బామ్ అనే ఆయన ఎలైజా అనే చిన్న ప్రోగ్రాం రాశాడు. మీరు టైపు చేసిన మాటనే ఇటు తిప్పి అటు తిప్పి మళ్లీ మిమ్మల్నే ప్రశ్న అడిగేది, అంతకు మించి ఏమీ లేదు. ఆయన సెక్రటరీ నెలల తరబడి ఆయన దాన్ని తయారుచేస్తుంటే చూసిన మనిషి. కూర్చుని నాలుగు మాటలు టైపు చేయగానే ‘మీరు కాస్త గదిలోంచి బయటికి వెళ్తారా’ అని ఆయన్నే అడిగిందట. పెద్దావిడే అలా అయిపోతే పదేళ్లవాడి సంగతి చెప్పాలా.

నాకు బెంగగా ఉన్నది ఇంకోటి. ఆ ట్యాబ్ రామానుజన్ మరీ మంచివాడు. ఎన్నిసార్లు అడిగినా ఓపిగ్గా మెట్టు మెట్టుగా విడమరిచి చెబుతాడు. అసలు రామానుజన్‌లో లేనిదే అది. 1913 జనవరిలో ఆయన ఇంగ్లండులో కేంబ్రిడ్జిలో ఉన్న హార్డీ అనే గణితవేత్తకు ఉత్తరం రాశారు. మద్రాసు పోర్ట్ ట్రస్టులో ఏడాదికి 20 పౌండ్ల జీతం మీద పనిచేసే గుమాస్తాను అని పరిచయం చేసుకుని, పేజీల కొద్దీ ఫలితాలు పెట్టారు. రుజువులు మాత్రం పెట్టలేదు. ఇవెలా వచ్చాయయ్యా అని హార్డీ జుట్టు పీక్కున్నాడు. నామక్కల్ నామగిరి అమ్మవారి దయ అనేవారు రామానుజన్. మెట్లు చూపించమంటే చూపించలేని మనిషిని ట్యూషన్ మాస్టారుగా మార్చేశారు.

ట్యాబ్ లాక్కోకండి. డల్లాస్‌లో రాత్రి భోజనాల వేళ గుంటూరులో తెల్లవారుతుంది. వీడియో కాల్‌లో తాతగారిని కలిపి, తాతా మనవడూ ఇద్దరూ కలిసి ఆ యంత్రాన్ని ప్రశ్నలు అడగనివ్వండి. రామానుజన్ పేరుతో ముడిపడిన 1729తో మొదలుపెట్టమనండి. పన్నెండు ఘనానికి ఒకటి కలిపితే వస్తుంది, పది ఘనానికి తొమ్మిది ఘనం కలిపినా వస్తుంది. అలా రెండు రకాలుగా వచ్చే తర్వాతి సంఖ్యేదో యంత్రాన్ని అడక్కుండా కాగితం మీద వెతకమనండి. తాతగారికి వారం రోజులు పనిపడుతుంది. లెక్కల మాస్టార్లకు జవాబు తప్పైతే కోపమొస్తుంది, ‘ఎన్నిసార్లు చెప్పానురా’ అంటారు. ఆ కోపం మీ బాబుకు ట్యాబ్‌లో దొరకదు.

*ఏఐ వేమన నాకో పద్యం చెప్పాడు. జతచేశాను. ఏ శతకంలోదో చెప్పగలరా?*
– ఒక పాఠకుడు, అనంతపురం

ఏ శతకంలోనూ లేదండీ. ఆటవెలదికి రెండో పాదంలోనూ, నాలుగో పాదంలోనూ ఐదేసి సూర్యగణాలు ఉండాలి. మీరు పంపిన పద్యంలో రెండో పాదం నాలుగు గణాలకే ఆయాసపడి కూర్చుంది. ‘విశ్వదాభిరామ వినురవేమ’ ఒక్కటే గణాలు సరిపోయిన పాదం, అది పాత సొత్తు. అయితే యంత్రాన్ని మరీ తిట్టకండి. ఆ మకుటం తగిలించి సొంత పద్యాలు వేమన ఖాతాలో వేయడం మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. వాళ్లకు గణాలు వచ్చు, అంతే తేడా.

*సోక్రటీస్ బాట్ ఎలా ఉంటుందంటారు?*
– ఒక రిటైర్డ్ పోస్టల్ ఉద్యోగి, వరంగల్

ఆయన ఒక్క ముక్క రాయలేదు. రాత మీద ఆయనకున్న ఫిర్యాదును కూడా ప్లేటో రాసిపెట్టాడు. రాసిన మాట బొమ్మలాంటిది, ప్రశ్న అడిగితే ఎప్పుడూ అదే చెబుతుంది అని. ఇప్పుడు అడిగితే జవాబిచ్చే రాత వచ్చింది కాబట్టి సంతోషించాలి. కానీ నేను చూసిన బాట్ అన్నిటికీ జవాబులే చెప్పింది. ఏథెన్స్‌లో ఆయన చేసిన పని ఎదుటివాణ్ణి ప్రశ్నలతో ఊపిరాడకుండా చేయడం. మిమ్మల్ని విసిగించని సోక్రటీస్‌ను నమ్మకండి.

*గురువుగారూ, నేను ఇంటర్ రెండో ఏడాది. కాలేజీ డేకి మొల్ల మీద ఏకపాత్ర రాస్తున్నాను. ఏఐ మొల్లను మీ బాల్యం గురించి చెప్పమంటే చాలా బాగా చెప్పింది. అమ్మ చిన్నప్పుడే పోయిందనీ, కృష్ణదేవరాయల సభలో తెనాలి రామకృష్ణుడితో వాదించాననీ చెప్పింది. రాసుకోవచ్చా?*
– ఒక విద్యార్థిని, కడప జిల్లా

నీ ఉత్తరం చివర్లో పెట్టుకున్నాను తల్లీ, ఇష్టమైనది కాబట్టి.

రాయల సభ సంగతి కథగా చెప్పుకున్నదే గానీ మొల్ల చెప్పింది కాదు. తన గురించి తాను చెప్పుకున్నది రామాయణం మొదట్లో ఉన్న కొద్ది పద్యాలే. తండ్రి ఆతుకూరి కేసన. ఊరు గోపవరం. శాస్త్రాలూ వ్యాకరణాలూ నాకు తెలియవు, శ్రీకంఠ మల్లేశుని దయవల్ల కవిత్వం చెబుతున్నాను అంది. మిగతా జీవితమంతా మనకు ఖాళీ. చిత్రం చూడు, గాంధీగారి విషయంలో వంద సంపుటాలుండి కూడా యంత్రం తడబడింది. మొల్ల విషయంలో చారెడు పద్యాలే ఉన్నాయి, అయినా ఎక్కడా తడుముకోలేదు. అడ్డుచెప్పడానికి కాగితం లేనిచోట దానికి ధైర్యం ఎక్కువ.

ఇంకోటి. నువ్వు పంపిన స్క్రిప్టులో మొల్ల ‘మదీయ హృదంతరాళమున’ అంటోంది. తేనె తగిలితే నోరు తియ్యబడ్డట్టు అర్థం వెంటనే తెలియాలి, గూఢమైన మాటలు కూర్చిన కావ్యం ‘మూగ చెవిటివారి ముచ్చట’ అన్న మనిషి ఆవిడ. ఆ హృదంతరాళం కొట్టేయ్. మీ నాయనమ్మ ఎలా మాట్లాడుతుందో అలా రాయి.

రాయల సభ నీకు కావాలంటే ఉంచుకో, నాటకం కదా. కానీ దాన్ని మొల్ల నోటితో కాకుండా ఊళ్లో జనం నోటితో చెప్పించు. ‘నువ్వు రాయలవారి సభకు వెళ్లావటగా’ అని ఎవరో అడగాలి, మొల్ల జవాబు చెప్పకుండా తన పద్యం అందుకోవాలి. ఏ పద్యం అన్నది నువ్వే ఎంచుకుని, తిరగరాసిన స్క్రిప్టు పత్రిక చిరునామాకు పంపు. యతిప్రాసలు నేను చూసిపెడతాను.