లేఆఫ్‌లో ఉండగా నాలుగు గంటల షిఫ్టుకు పిలిస్తే పండుగ సెలవుల డబ్బు ఏమవుతుంది?

మీరు కెనడాలోని ఒంటారియోలో యూనియన్ ఉన్న గిడ్డంగిలో పనిచేస్తున్నారు. డిసెంబర్ మొదట్లో లేఆఫ్ చేశారు, అంటే పని లేక తాత్కాలికంగా ఇంటికి పంపారు. ఇప్పుడు పండుగ ముందు నాలుగేసి గంటల షిఫ్టులకు రమ్మని మెసేజ్‌లు వస్తున్నాయి. వెళ్లకపోతే క్రిస్మస్, బాక్సింగ్ డే (డిసెంబర్ 26), జనవరి 1 సెలవుల వేతనం పోతుందా, వెళితే ఈఐ, అంటే పని లేనప్పుడు ప్రభుత్వం ఇచ్చే ఉపాధి బీమా భృతికి గండి పడుతుందా అన్నది మీ సందేహం.

వీలుంటే వెళ్లండి. వెళ్లే ముందు మీ యూనియన్ ఒప్పందం పుస్తకంలో సెలవుల పేజీ తీసి చదవండి. ఇదే పరిస్థితి 2023 డిసెంబర్‌లో నాకు వచ్చింది. ఆ నాలుగు గంటల షిఫ్టులే నా సెలవుల డబ్బును రెండింతలు చేశాయి. ఆ సంగతి నాకు ముందుగా తెలియదు. తెలిసి ఉంటే ఆ పది రోజులూ అంత బెంగ పడేదాన్ని కాదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది మిసిసాగాలో నిల్వ ఆహారం ప్యాక్ చేసే ప్లాంటు. పండుగ సరుకంతా నవంబర్‌లోనే బయటికి వెళ్లిపోతుంది కాబట్టి డిసెంబర్‌లో లైన్లు ఆపేస్తారు. ఆ ఏడాది డిసెంబర్ 8, శుక్రవారం నా చివరి పూర్తి షిఫ్టు. 11 నుంచి లేఆఫ్. గంటకు 22 డాలర్లు, వారానికి 40 గంటలు. 19వ తేదీ రాత్రి సూపర్‌వైజర్ నుంచి మెసేజ్ వచ్చింది: రేపు ఉదయం ఏడు నుంచి పదకొండు వరకు పని ఉంది, రాగలిగిన వారు జవాబు ఇవ్వండి అని. బయట మంచు పడుతోంది. బ్రాంప్టన్ నుంచి రెండు బస్సులు మారి వెళ్లాలి. నాలుగు గంటల కోసం రానూ పోనూ మూడు గంటల ప్రయాణం ఎందుకని మా ఆయన అన్నారు. అద్దె గుర్తుకొచ్చి వెళ్లాను. అలా 20న, 22న, మళ్లీ 28న, మొత్తం మూడు చిన్న షిఫ్టులు చేశాను.

జనవరిలో పే స్లిప్ చూస్తే సెలవుల గడిలో సున్నా ఉంది. ఆఫీసులో అడిగితే, లేఆఫ్‌లో ఉన్నవారికి సెలవు వేతనం ఉండదన్నారు. అంత ధీమాగా చెప్పేసరికి నిజమేననుకుని వచ్చేశాను. మీకూ ఇదే మాట చెబుతారు, నమ్మకండి. ఒంటారియో ఉపాధి ప్రమాణాల చట్టంలో ఈ సంగతి నేరుగానే ఉంది. ప్రభుత్వ సెలవు రోజున కార్మికుడు లేఆఫ్‌లో ఉన్నా ఆ రోజుకు సెలవు వేతనం ఇవ్వాలి. బదులుగా మరో రోజు సెలవు మాత్రం ఉండదు. లేఆఫ్ మరీ సాగిపోయి, చట్టం దృష్టిలో ఉద్యోగం ముగిసినట్టు లెక్కకు వచ్చాకే ఈ హక్కు ఆగిపోతుంది.

ఎంత ఇవ్వాలన్నదానికీ సూత్రం ఉంది. సెలవు వచ్చిన వారానికి ముందున్న నాలుగు పని వారాల్లో మీరు సంపాదించిన మామూలు వేతనాన్ని, ఆ వారాల్లో చెల్లించాల్సిన వెకేషన్ పే (వార్షిక సెలవుల కోసం ఇచ్చే డబ్బు) ఏమైనా ఉంటే దానితో కలిపి, 20తో భాగించాలి. నా లెక్క చూడండి. డిసెంబర్ 25, 26లకు ముందు నాలుగు వారాలంటే నవంబర్ 26 నుంచి డిసెంబర్ 23 వరకు. అందులో రెండు పూర్తి వారాలకు 1760 డాలర్లు, రెండు చిన్న షిఫ్టులకు 176. మొత్తం 1936ను 20తో భాగిస్తే రోజుకు 96.80. జనవరి 1కి ఆ నాలుగు వారాల కిటికీ ముందుకు జరుగుతుంది. ఒక్క పూర్తి వారం, మూడు చిన్న షిఫ్టులు కలిపి 1144, దాన్ని 20తో భాగిస్తే 57.20. మూడు సెలవులకూ కలిపి 250.80 డాలర్లు. ఇది చట్టం ఇచ్చే కనీసం.

ఈ సూత్రంలోనే చిన్న షిఫ్టుల విలువ ఉంది. లేఆఫ్ సాగేకొద్దీ పూర్తి వారాలు ఆ కిటికీలోంచి ఒక్కొక్కటే జారిపోతాయి. ఫిబ్రవరి మూడో సోమవారం ఫ్యామిలీ డే వచ్చేనాటికి ముందు నాలుగు వారాల్లో సంపాదన లేకపోతే, సున్నాను ఎంతతో భాగించినా సున్నాయే.

ఇక యూనియన్ ఒప్పందం. చట్టం కంటే తక్కువ ఇచ్చే ఒప్పందం చెల్లదు. ఎక్కువ ఇస్తే ఆ ఎక్కువే మనకు వర్తిస్తుంది. మా షిఫ్టులో యూనియన్ ప్రతినిధి, అంటే స్టూవర్డ్, ఒక పంజాబీ పెద్దావిడ. పే స్లిప్ ఆమెకు చూపించాను. ఆమె లాకర్‌లోంచి అరచేతిలో పట్టే చిన్న పుస్తకం తీసింది. అట్ట ఊడిపోతే టేపు వేసి ఉంది, పేజీల మధ్య బస్సు టికెట్లు గుర్తులుగా పెట్టి ఉన్నాయి. సెలవుల నిబంధన మీద వేలు పెట్టి నన్నే చదవమంది. సెలవుకు ముందు 14 రోజుల్లో ఒక షిఫ్టు పనిచేసినవారికి, లేఆఫ్‌లో ఉన్నా సరే, ఎనిమిది గంటల వేతనం ఇవ్వాలని అందులో ఉంది. నేను 22న పనిచేశాను. 25, 26, జనవరి 1 మూడూ ఆ 14 రోజుల లోపే వస్తాయి. రోజుకు 176 చొప్పున 528 డాలర్లు.

కంపెనీ వెంటనే ఒప్పుకోలేదు. నాలుగు గంటలది షిఫ్టు కాదు, షిఫ్టు అంటే ఎనిమిది గంటలు అని వాదించింది. అప్పుడు ఆమె చేసిన పని నేను ఎన్నటికీ మరచిపోను. అదే పుస్తకంలో ఓవర్‌టైమ్ గురించి ఉన్న చోట ‘పూర్తి షిఫ్టు’ అని రాసి ఉండటం చూపించింది. ఎనిమిది గంటలు కావాలనుకున్న చోట ‘పూర్తి’ అని రాసుకున్నారు, సెలవుల దగ్గర రాయలేదు, కాబట్టి ఇక్కడ ఏ షిఫ్టయినా షిఫ్టే అంది. గ్రీవెన్స్, అంటే యూనియన్ ద్వారా కంపెనీకి పెట్టే ఫిర్యాదు కాగితం మీద నేను సంతకం చేశాను. రెండో మెట్టులోనే కంపెనీ దిగివచ్చింది. ఫిబ్రవరి చివర్లో 528 డాలర్లూ చేతికి వచ్చాయి. ప్రతి ఒప్పందంలోనూ ఇలాంటి నిబంధన ఉండదు. కొన్నింటిలో 14 బదులు వేరే అంకె ఉంటుంది, కొన్నింటిలో చట్టంలోని సూత్రమే ఉంటుంది. మీ పుస్తకంలో ఏముందో మీరే చూడాలి.

మరి షిఫ్టుకు వెళ్లకపోతే? మా లైన్‌లోనే ఒక తెలుగు కుర్రాడు ఉన్నాడు, వరంగల్ వైపు నుంచి వచ్చినవాడు. ఆ మెసేజ్‌లకు అతను జవాబే ఇవ్వలేదు. 22న రాలేదు కాబట్టి సెలవుకు ముందు రోజు పని ఎగ్గొట్టినట్టే, ఏమీ ఇవ్వం అని కంపెనీ అతనికి చెప్పింది. ఆ మాట వెనుక నిజంగానే ఒక నియమం ఉంది. సెలవుకు ముందు చివరి షెడ్యూలు రోజున, తరువాత మొదటి షెడ్యూలు రోజున పూర్తిగా పనిచేయాలి. సరైన కారణం లేకుండా రాకపోతే సెలవు వేతనం పోతుంది. అయితే ఇక్కడ అసలు మాట ‘షెడ్యూలు’. మామూలుగా నిర్ణయించిన పని రోజు వేరు, ‘రాగలిగిన వారు రండి’ అని పిలవడం వేరు. అతని చివరి షెడ్యూలు రోజు 8వ తేదీ, ఆ రోజు పూర్తిగా పనిచేశాడు. జనవరిలో తిరిగి పిలిచినప్పుడు మొదటి రోజే వచ్చాడు. మా స్టూవర్డ్ ఆ మెసేజ్‌నే సాక్ష్యంగా పెట్టింది, కంపెనీ ఒప్పుకుంది. మా ఒప్పందంలోని 14 రోజుల నిబంధన మాత్రం అతనికి అందలేదు. చట్టం లెక్కన రెండు రోజులకు 88 చొప్పున, జనవరి 1కి 44, అంతా కలిపి 220 వచ్చింది. ఇద్దరం ఒకే లైన్‌లో, ఒకే వేతనానికి పనిచేసేవాళ్లం. నాకు 528, అతనికి 220.

కాబట్టి మీకు వచ్చిన మెసేజ్‌లో ఏ మాట ఉందో జాగ్రత్తగా చూడండి. ‘మీకు షిఫ్టు వేశాం’ అని ఉంటే మీ కేసు అతనిలా తేలికగా తేలదు. అర్థం కాకపోతే, ఇది తప్పనిసరి షిఫ్టా, ఇష్టమైతే రావచ్చా అని రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో మాట్లాడి వదిలేయకండి. ఒంట్లో బాగాలేకో, పిల్లవాడికి జ్వరం వచ్చో వెళ్లలేకపోతే ఆ కారణాన్ని అదే రోజు మెసేజ్‌లో పెట్టండి. మన చేతిలో లేని కారణమైతే చట్టం దాన్ని మన్నిస్తుంది.

నాలుగు గంటలని పిలిచి గంటన్నరకే ఇంటికి పంపించే అలవాటు కొన్ని చోట్ల ఉంది. రోజూ మూడు గంటలకు మించి పనిచేసే కార్మికుడిని రప్పించి, మూడు గంటల లోపే పంపేస్తే కనీసం మూడు గంటల వేతనం ఇవ్వాలి. అగ్నిప్రమాదం, తుపాను, కరెంటు పోవడం వంటి వాటికే మినహాయింపు. వెళ్లిన వేళ, వచ్చిన వేళ ఒక కాగితం మీద రాసుకోండి.

ఈఐ గురించి మీరు పడుతున్న భయం చాలామందిలో ఉంది. షిఫ్టుకు వెళితే భృతి ఆగిపోదు. మీరు సంపాదించిన ప్రతి డాలర్‌కు యాభై సెంట్లే భృతిలోంచి తగ్గిస్తారు. మీ పాత వారపు సంపాదనలో 90 శాతం దాటిన భాగానికే డాలర్‌కు డాలర్ కోస్తారు. నాకు వారానికి 484 వచ్చేది. 176 సంపాదించిన వారం భృతిలో 88 తగ్గి 396 వచ్చింది. రెండూ కలిపితే 572, పన్నులకు ముందు. ఇంట్లో కూర్చుంటే 484. ఇదీ తేడా. రెండు వారాలకోసారి పంపే నివేదికలో ప్రతి గంటా, ప్రతి డాలరూ చూపించండి. సెలవు వేతనం కూడా ఆదాయమే. నాకు 528 ఆలస్యంగా వచ్చింది కాబట్టి ఈఐ చూసే ప్రభుత్వ కార్యాలయం సర్వీస్ కెనడాకు ఫోన్ చేసి చెప్పాను. వాళ్లు ఆ సెలవులు పడిన వారాలకు సర్దుబాటు చేశారు. చెప్పకుండా ఉంటే తరువాత జరిమానాతో సహా కట్టాల్సి వచ్చేది. వచ్చిన పనిని కారణం లేకుండా కాదనడం కూడా భృతికి చేటు చేయవచ్చు. వెళ్లండి అని చెప్పడానికి ఇది కూడా ఒక కారణం.

ఇంకో లెక్క ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. మామూలు వారపు సంపాదనలో సగం కంటే తక్కువ వచ్చిన వారమే చట్టం దృష్టిలో లేఆఫ్ వారం. నా విషయంలో సగం అంటే 440, అంటే 20 గంటలు. ఐదు చిన్న షిఫ్టులు ఇచ్చిన వారం లేఆఫ్ లెక్కలోకి రాదు. 20 వారాల్లో 13 లేఆఫ్ వారాలు దాటితే సాధారణంగా ఉద్యోగం తీసేసినట్టే లెక్క, పరిహారం ఇవ్వాలి. యూనియన్ ఒప్పందం ఉన్న చోట ఈ గడువు ఇంకా పొడవు ఉండవచ్చు. అందుకని ఏ వారం ఎన్ని గంటలు వచ్చాయో క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి.

చివరిగా, తప్పు గుమ్మం తట్టకండి. మొదట నేను ఆ పనే చేయబోయాను. కార్మిక మంత్రిత్వ శాఖకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు నింపుతూ కూర్చున్నాను. యూనియన్ ఒప్పందం కింద ఉన్నవారి ఫిర్యాదును సాధారణంగా వాళ్లు తీసుకోరు. మన దారి గ్రీవెన్స్. మన ఒప్పందంలో ఆ చట్టం కూడా భాగమైనట్టే లెక్క కాబట్టి, 20తో భాగించే సూత్రాన్నీ అక్కడే అడగవచ్చు. ఏజెన్సీ ద్వారా వచ్చి, ఒప్పందం కిందకు రాని వారు మాత్రం నేరుగా మంత్రిత్వ శాఖకే వెళ్లాలి. వాళ్లకు రెండేళ్ల గడువు ఉంటుంది. గ్రీవెన్స్‌కు అంత వ్యవధి ఉండదు. మాకు పే స్లిప్ వచ్చిన నాటి నుంచి పది పని దినాలే. నేను తొమ్మిదో రోజున సంతకం చేశాను. ఆఫీసు మాట నమ్మి ఇంకో రెండు రోజులు ఊరుకుని ఉంటే చేతికందిన ముద్ద జారిపోయేది.

ఇదంతా ఒంటారియో చట్టం కింద ఉన్న ప్లాంట్లకు, గిడ్డంగులకు. విమానయాన సంస్థలు, బ్యాంకులు, రాష్ట్రాల సరిహద్దులు దాటే లారీ కంపెనీల్లో పనిచేసేవారికి కెనడా లేబర్ కోడ్ వర్తిస్తుంది, అక్కడి లెక్కలు వేరు.

మీ చివరి పూర్తి షిఫ్టు ఏ తేదీనో, మీ పుస్తకంలో సెలవుల నిబంధన ఏ మాటల్లో ఉందో, గ్రీవెన్స్‌కు ఎన్ని రోజుల గడువు ఇచ్చారో ఇక్కడ రాయండి. లెక్క వేసి చెబుతాను. గడువు దగ్గరపడి ఉంటే నా జవాబు కోసం ఆగకుండా ముందు మీ స్టూవర్డ్‌కు ఫోన్ చేయండి.